పెద్దపాడు పిల్లవాడు



పోయిన జూన్‌లో బడులు తెరిచిన వారం, జ్ఞానోపదేశం తరగతికి వచ్చిన ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలకు తలా ఒక చీటీ ముక్క ఇచ్చాను. నాయకుడు అనగానే మీకు గుర్తొచ్చే ఒక పేరు రాసి మడిచి ఇవ్వమన్నాను. విప్పి చూస్తే సగానికి పైగా సినిమా హీరోల పేర్లే. మిగిలినవాటిలో ఎక్కువ భాగం, నాలుగు వాహనాలు ముందూ వెనకా పెట్టుకొని ఊళ్లోకి వచ్చిపోయే పెద్దమనుషుల పేర్లు. ఒక ఆడపిల్ల మాత్రం తమ లెక్కల టీచరు పేరు రాసింది. ఆ చీటీని నా ప్రార్థన పుస్తకంలో దాచుకున్నాను.

తప్పు పిల్లలది కాదు. మన కర్నూలు, కడప సీమల్లో నాయకుడు అనే మాటకు చాలాకాలం ఒక చెడ్డ రుచి అంటుకొని ఉండింది. ఫలానా వాడు లీడరయ్యాడంటే వాడి వెనక ఎంతమంది మనుషులున్నారు, వాడి మీద ఎన్ని కేసులున్నాయి అని లెక్కపెట్టిన రోజులు నా వయసు వారందరికీ తెలుసు. ఆ భయంతోనే మన తల్లులు కొడుకులకు ఒక బుద్ధి చెప్పి పెంచారు. ఎక్కడా ముందుకు పోవద్దు నాయనా, వెనక నిలబడు, తల వంచుకొని చదువుకో, ఇంటికి రా. మంచి తల్లులు చెప్పిన మాటే అది. కాని మంచి పిల్లలందరూ వెనక నిలబడితే ముందు ఎవరు నిలబడతారో మనం ఆలోచించలేదు.

ఆ చీటీల్లో ఒక్కదానిలోనూ దామోదరం సంజీవయ్య గారి పేరు లేదు. ఆయన పుట్టిన పెద్దపాడు మా విచారణ నుండి బస్సెక్కితే అరగంట దూరం. ఆ పేరు గల గాజులదిన్నె ప్రాజెక్టు నీళ్లు తాగి పెరిగిన పిల్లలు కూడా ఆ తరగతిలో ఉన్నారు. అందుకే ఈ వారం ఆయన జీవితాన్ని మీ ముందు పెట్టదలచాను. ముఖ్యమంత్రిగా ఏమి చేశారన్నది చాలామంది రాశారు. పన్నెండేళ్ల నుండి పదిహేడేళ్ల వయసు వరకు ఆ పిల్లవాడి చేయి పట్టుకున్నదెవరు అన్నదే నాకు ముఖ్యం.

సంజీవయ్య గారు 1921 ఫిబ్రవరి 14న కర్నూలు పట్టణానికి ఐదారు కిలోమీటర్ల దూరాన ఉన్న పెద్దపాడులో, ఒక దళిత కుటుంబంలో జన్మించారు. తండ్రి మునెయ్య, తల్లి సుంకులమ్మ. సెంటు భూమి లేదు. మగ్గం పని, కూలి పని, ఏది దొరికితే అది చేసుకొని బతికే ఇల్లు. బిడ్డ పుట్టిన మూడు రోజులకే తండ్రి కన్నుమూశాడు. పురిటి మంచం మీద ఉన్న ఆ తల్లి పరిస్థితి ఏమిటో మన ఊళ్లు తెలిసినవారికి నేను వర్ణించి చెప్పనక్కరలేదు. తండ్రిని మింగి పుట్టిన బిడ్డ అనే మాట ఈనాటికీ మన పల్లెల్లో వినబడుతూనే ఉంది. ఆ కుటుంబం కొంతకాలం మేనమామ అండన పాలకుర్తిలో తలదాచుకొని, తిరిగి పెద్దపాడు చేరింది.

ఇక్కడ ఆగి ఒక మనిషిని చూద్దాం. సంజీవయ్యకు చిన్నయ్య అని ఒక అన్న ఉన్నాడు. కూలికి పోయే మనిషి. అటువంటి ఇంట్లో ఇంకొక చేతుల జత అదనంగా ఉంటే ఇంకొంత కూలి వస్తుంది. అలా ఆలోచించడంలో పాపమేమీ లేదు. ఆకలి అలాగే ఆలోచిస్తుంది. కాని చిన్నయ్య అలా ఆలోచించలేదు. తాను కూలి చేస్తూ తమ్ముణ్ణి బడికి పంపాడు. ఈ దేశంలో తొలి దళిత ముఖ్యమంత్రిని మొదట గుర్తించినది ఏ పార్టీ పెద్దలూ కాదు, ఒక కూలి మనిషి. తమ్ముడు ముఖ్యమంత్రి అవుతాడని అతనికి తెలియదు. వీడికి చదువు అబ్బుతుంది, వీణ్ణి ఆపకూడదు అన్నది మాత్రమే తెలిసి ఉండాలి. అంతమాత్రం చాలింది.

సెమినరీలో మేము తత్వశాస్త్రం చదివేటప్పుడు అరిస్టాటిల్ చెప్పిన ఒక విషయం మీద వారాల తరబడి వాదించుకున్నాము. చింతగింజలో చెట్టు దాగి ఉంది నిజమే. కాని దాగి ఉన్నది దానంతట అది బయటికి రాదు, అప్పటికే పనిలో ఉన్నది ఏదో ఒకటి వచ్చి దానిని కదిలించాలి. అప్పుడు అది నాకు పరీక్ష కోసం బట్టీ పట్టే పాఠం. విచారణల్లో ముప్పై ఏండ్లు తిరిగిన తరువాత ఇప్పుడు అర్థమవుతున్నది. గింజ మంచిదే అయినా మన నేలలో వాన చుక్క పడకుంటే గింజ గింజగానే ఉంటుంది. చిన్నయ్య కూలి డబ్బులు ఆ వాన చుక్క.

పెద్దపాడులో నాలుగో తరగతి వరకే బడి. ఆ పైన కర్నూలు పోవాలి. కర్నూలులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ వారి పాఠశాల ఆ పిల్లవాణ్ణి చేర్చుకుంది. అప్పటికి మన కర్నూలు మేత్రాసనమే లేదు. అది 1967లో ఏర్పడింది, కడప మేత్రాసనం 1976లో. మనకంటే ముందు ఈ పట్టణంలో పాఠశాల తలుపు తెరిచి, అంటరానివాడన్న మాట పక్కన పెట్టి పిల్లలను బెంచీ మీద కూర్చోబెట్టిన ఆ సోదర సంఘం వారికి ఈ సందర్భంలో ఒక నమస్కారం చేయడం న్యాయం. ఆ పిల్లవాడు క్రైస్తవుడు కాలేదు. దానివల్ల ఆ పాఠశాల చేసిన మేలు ఇసుమంతైనా తగ్గదు. మన పాఠశాలలకు పిల్లలను చేర్చుకొనే కాలంలో మనవారు మాత్రమే అని లెక్కలు చూసేవారు దీనిని గుర్తుపెట్టుకోవాలని నా మనవి.

1935లో ఆయన కర్నూలు మునిసిపల్ హైస్కూలులో చేరారు. ఆ రోజుల్లో హైస్కూలు చదువును ఫారాల లెక్కన చెప్పేవారు. చివర ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్ష. అది దాటడమే పెద్దింటి పిల్లలకు కూడా గగనం. 1938లో సంజీవయ్య ఆ పరీక్షలో జిల్లా మొత్తానికి మొదటివాడుగా నిలిచారు. ఆనాటి కర్నూలు జిల్లా అంటే నంద్యాల వైపంతా కలిపి. తండ్రి లేనివాడు, భూమి లేనివాడు, ఊరి వెలుపలి ఇంటివాడు జిల్లాకు మొదటివాడు. పదిహేడేళ్ల వయసు.

మార్కులు వచ్చాయి కనుక అందరూ గుర్తించారు, ఇందులో గొప్పేముంది అని మీరనవచ్చు. నా జవాబు ఏమంటే, మార్కులు కనబడేది చివరి రోజున. పన్నెండేళ్లప్పుడు మార్కులు లేవు. ఆ నడుమ అయిదారు సంవత్సరాలు ఎవరో ఒకరు నమ్మి ఉంటేనే ఆ చివరి రోజు వస్తుంది. జిల్లా మొదటివాణ్ణి మెచ్చుకోవడానికి పెద్ద చూపు అక్కరలేదు. ఆ రోజు కలెక్టరు కూడా మెచ్చుకుంటాడు.

డాన్ బోస్కో గారి చరిత్రలో ఒక సంగతి నాకు ఇష్టం. 1857 శరదృతువులో ఆయన ఇటలీలోని కర్మన్యోలా రైలు స్టేషనులో బండి కోసం నిలబడి ఉండగా, మంచులో కొందరు అల్లరి పిల్లలు ఆడుకుంటున్న చప్పుడు వినిపించింది. ఆ గొంతులన్నిటిలో ఒక గొంతుకు మిగిలినవన్నీ లోబడుతున్నాయని ఆయన చెవి పట్టేసింది. ఆ గొంతు మికేలే మగోనే అనే పన్నెండేళ్ల పిల్లవాడిది. తండ్రి లేడు, బడి నుంచి గెంటేశారు. స్టేషను వారికి అతను ఒక రౌడీ పిల్లవాడు. డాన్ బోస్కో గారికి మాత్రం పదిమంది మాట వినే పిల్లవాడు కనబడ్డాడు. ట్యూరిన్‌కు పిలిపించుకొని చదువు చెప్పించారు. అతను 1859లో, పదమూడేళ్లకే మరణించాడు. పెద్దవాడై ఏమి సాధించేవాడో మనకు తెలియదు. అయినా డాన్ బోస్కో గారు కూర్చొని ఆ పిల్లవాడి జీవిత చరిత్ర రాసి 1861లో అచ్చు వేయించారు. సాధించిన దానిని బట్టి కాదు, ఉన్నదానిని బట్టి విలువ కట్టారన్నమాట.

మళ్లీ మన కథకు వద్దాం. హైస్కూలు అయిపోయిన తరువాతి వేసవి పేదింటి పిల్లవాడికి అన్నిటికంటే ప్రమాదకరమైన కాలం. ఇది గురువుగా నేను చూసి చెబుతున్న మాట. చదివినంత చాల్లే అనే మాట ఆ వేసవిలోనే పుడుతుంది. సంజీవయ్యకు మద్రాసు ప్రభుత్వం ఉపకార వేతనం ఇచ్చింది. ఆ డబ్బులు పట్టుకొని అనంతపురం దత్తమండల కళాశాలలో చేరారు. గణితం, ఖగోళశాస్త్రం తీసుకున్నారు. దీపపు బుడ్డి కింద పెరిగినవాడు నక్షత్రాల లెక్కలు చదవాలనుకోవడం నాకు ఎంతో ముచ్చటగా తోస్తుంది. ఉద్యోగం కోసమే చదివేవాడు ఆ చదువు ఎన్నుకోడు.

అనంతపురంలో కొందరు స్నేహితులు కలిసి గది అద్దెకు తీసుకొని, వంతులవారీగా వండుకొని తినేవారు. తన వంతు డబ్బులు పెట్టలేక సంజీవయ్య చదువు మానేసి ఇంటికి పోవడానికి సిద్ధపడ్డారు. అప్పుడు తోటి విద్యార్థి ఒకరు ఆ వాటా కూడా తానే భరించి ఆయనను ఆపారు. ఆ స్నేహితుడు ఆ రోజు ఊరుకొని ఉంటే ఈ వ్యాసమే లేదు. పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్లల మధ్య జరిగిన సంగతి ఇది, పెద్దలెవరూ చెప్పి చేయించినది కాదు. నాయకత్వం ఎక్కడ ఉందని వెతికేవారు ఈ గదిలో ఇద్దరినీ చూడాలి. ఒకడు తరువాత రాష్ట్రాన్ని పాలించాడు. రెండోవాడు ఆ రోజు ఒక మనిషిని నిలబెట్టాడు. మన యువజన సంఘాల్లో మొదటి రకం వారికి దండలు వేస్తాము, రెండో రకం వారిని కుర్చీలు సర్దమంటాము.

1942లో బి.ఏ. పూర్తయింది. అది క్విట్ ఇండియా సంవత్సరం. కళాశాలలన్నీ ఉడికిపోతున్న రోజులు. ఆయన కంటే ముందు అదే కళాశాలలో చదువుతూ, చదువు వదలి ఉద్యమంలోకి దూకిన నీలం సంజీవరెడ్డి గారు మనకు తెలుసు. సంజీవయ్య గారు మాత్రం విద్యార్థిగా ఉద్యమాల జోలికి పోలేదు. దీనిని కొందరు లోపంగా చెబుతారు. నేను అలా అనుకోను. ఇంట్లో నాలుగు గింజలున్నవాడికి చదువు వదులుకోవడం త్యాగం. కూలి డబ్బులతో చదివేవాడికి చదువు వదలకపోవడమే త్యాగం. నినాదం ఇచ్చినవాడొక్కడే విద్యార్థి నాయకుడు అనుకొనే అలవాటు మనకు ఉంది. నోరు తెరవని పిల్లల్లోనూ వెతకాలి.

యుద్ధకాలం. బి.ఏ. చదివినవాడు కర్నూలులో రేషనింగ్ ఆఫీసులో గుమస్తాగా చేరారు. తరువాత మద్రాసు, ఆపైన బళ్లారి. బళ్లారిలో జిల్లా న్యాయమూర్తి కె.ఆర్. కృష్ణయ్య చెట్టి గారితో పరిచయమైంది. చిన్న ఉద్యోగిగా తనకు తారసపడిన కుర్రవాడిలో ఆయన ఒక న్యాయవాదిని చూసి, లా చదవమని ప్రోత్సహించారు. హోదాలో అంత ఎత్తున ఉన్నవారు అంత కిందివారిని తేరిపార చూడటం మామూలు సంగతి కాదు. 1945 చివరిలో తాత్కాలిక ఉద్యోగాలు తీసివేయగా సంజీవయ్య రోడ్డున పడ్డారు. 1946లో మద్రాసు లా కళాశాలలో చేరారు. లా చదువుకు అప్పట్లో ఉపకార వేతనం లేదు. మద్రాసులోనే ఒక ఉన్నత పాఠశాలలో పిల్లలకు లెక్కలు చెబుతూ, ఆ జీతంతో హాస్టలు ఖర్చులు గడుపుకొన్నారు. ఆ నడుమనే స్నేహితులను చేర్చి గయోపాఖ్యానం నాటకం ఆడించి, తాను గయుడి వేషం కట్టారు. చమత్కారి అని పేరు. కష్టాలు పడ్డవాడు ముఖం ముడుచుకొని ఉంటాడనుకుంటాము గదా, ఈయన నవ్వించేవాడు. 1948లో లా పట్టా, 1950లో మద్రాసులో న్యాయవాదిగా నమోదు.

తరువాతి భాగం తొందరగా చెప్పేస్తాను, అది అందరికీ తెలిసినదే. 1950లో తాత్కాలిక పార్లమెంటు సభ్యుడు. 1952 ఎన్నికల్లో మద్రాసు శాసనసభకు గెలిచి రాజాజీ మంత్రివర్గంలో మంత్రి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయినప్పుడు ప్రకాశం పంతులు గారి మంత్రివర్గంలో మంత్రి. మా తాత ఉపదేశిగా ఉండేవాడు. ఆ గుడారాల రాజధానిని తాను చూచిన సంగతి మా నాన్నకు చెబుతుండేవాడట. ఆఫీసులకు భవనాలు చాలక డేరాలు వేశారు, గాలి వీస్తే ఫైళ్లు ఎగిరేవి. ఆ డేరాల నడుమ తిరిగిన మంత్రుల్లో ఒకరు, పదిహేనేళ్ల కిందట అదే ఊళ్లో మునిసిపల్ హైస్కూలు బెంచీ మీద కూర్చున్న పిల్లవాడు. 1954లో ఆయన కృష్ణవేణి గారిని వివాహమాడారు. ఆమె ఉపాధ్యాయురాలు.

1960 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. ఇంకా ముప్పై తొమ్మిదేళ్లు నిండలేదు. ముఠాల మధ్య అందరికీ ఆమోదమైన మనిషిగా ఆయన పేరు పైకి వచ్చిందని రాజకీయం తెలిసినవారు చెబుతారు. అదీ నిజమే. అలా వచ్చినవాడు మెల్లగా కాలం గడుపుకొని పోతాడని కొందరు అనుకొని ఉంటారు. ఆయన ఉన్నది రెండేళ్ల రెండు నెలలు, 1962 మార్చి 12 వరకు. ఆ కాస్త కాలంలోనే వృద్ధులకు పింఛను మొదలుపెట్టారు. భూమి లేని పేదలకు బంజరు భూములు పంచారు. అవినీతి నిరోధక శాఖ 1961లో పని మొదలుపెట్టింది. ఉచిత నిర్బంధ ప్రాథమిక విద్య మీద పట్టుబట్టారు. ఈనాడు మన విచారణల్లో నెల మొదటి తారీఖున పింఛను డబ్బులు చీర కొంగులో ముడివేసుకొనే అవ్వలకు ఆ ముడి మొదట ఎవరు వేశారో తెలియదు. ఆ పింఛను ఆలోచన ఆయనకు తల్లి సుంకులమ్మ వల్లనే వచ్చిందని మా వైపు పెద్దలు చెప్పుకుంటారు. కొడుకు ముఖ్యమంత్రి కనుక నాకు నాలుగు డబ్బులు ఇస్తున్నాడు, కొడుకులు లేని తల్లులకు ఎవరిస్తారని ఆమె అడిగిందట.

1962లో అఖిల భారత కాంగ్రెసుకు అధ్యక్షుడయ్యారు. ఆ పీఠం మీద కూర్చున్న తొలి దళితుడు ఆయనే. 1964లో కేంద్ర కార్మిక మంత్రి. కార్మికులకు బోనసు హక్కు ఇచ్చిన 1965 చట్టం ఆయన ఆ శాఖ చూస్తుండగానే వచ్చింది. ఏడాదికొకసారి బోనసు చేతికందే మన కుటుంబాలు ఆ సంగతి కూడా తలచుకోవచ్చు.

ఇంత గొప్ప జీవితం చెప్పి, నా సంగతి ఒకటి చెప్పకపోతే అది నిజాయితీ కాదు.

ఇరవై ఏండ్ల పైమాట. 2002లో వానలు లేక చెరువులు నెర్రెలిచ్చిన కరువు. నేను అప్పుడు ఒక చిన్న విచారణకు విచారణ కర్తగా వెళ్లిన కొత్త. రోజు విడిచి రోజు నీళ్ల ట్యాంకరు వచ్చేది. రాగానే కొట్లాట. బిందెలు పగిలేవి, జుట్లు పట్టుకొనేవారు. ఒక నాలుగు రోజుల తరువాత వసారాలో కూర్చొని చూస్తే కొట్లాట లేదు. బిందెలన్నీ వరుసగా ఉన్నాయి. ముసలివాళ్ల బిందెలు ముందర, బాలింతలవి ఆ వెనక, ఆ తరువాత మిగిలినవారివి. ఎవరు చేశారా అని చూస్తే తొమ్మిదో తరగతి పిల్లవాడు. గట్టిగా అరవడం కూడా లేదు. ట్యాంకరు వచ్చే ముందరే సున్నపు ముద్దతో నేల మీద గీతలు గీసి, ఎవరి చోటు వారికి చూపించి పెట్టాడు. పెద్దవాళ్లు సణుక్కుంటూనే వాడి మాట విన్నారు.

నేను చూశాను, నవ్వుకున్నాను, లోపలికి పోయాను. అంతే.

ఆ ఏడు క్రిస్మసుకు ముందు విద్యార్థి బృందానికి నాయకుణ్ణి ఎన్నుకోవలసి వచ్చింది. నేను ఊరి పెద్ద ఒకాయన కొడుకును నియమించాను. మంచి పిల్లవాడే. మైకు ముందు బెదరకుండా మాట్లాడతాడు, దివ్యపూజలో పఠనాలు చక్కగా చదువుతాడు. గీతలు గీసిన పిల్లవాడు నా తలపుకే రాలేదు. వాడి తల్లి రాళ్ల పని చేసేది. పదో తరగతి పరీక్షలు అయ్యాక వాడు బేతంచెర్ల వైపు నాపరాళ్ల పాలిషు ఫ్యాక్టరీ పనికి పోయాడని తెలిసింది. పాసయ్యాడు కూడా. ఆ వేసవిలో ఒక హాస్టలులో సీటు కోసం నేను రాయగలిగిన ఉత్తరం ఒకటి ఉండింది. అది నా బల్ల సొరుగులోనే ఉండిపోయింది. ఎవరూ వచ్చి అడగలేదు, నేనూ ఎవరి ఇంటికీ పోయి ఇవ్వలేదు. అడగటానికి ఆ తల్లికి అలాంటి ఉత్తరం ఉంటుందని తెలియాలి గదా.

చిన్నయ్యకు చదువు రాకపోయినా తెలిసిన సంగతి, తత్వశాస్త్రం చదువుకున్న నాకు కళ్ల ముందర ఉన్నా తెలియలేదు. మన ఊళ్లలో ఇలాంటి పిల్లలు ఈనాడూ ఉన్నారు. ఆదోని, కోసిగి వైపు నుండి కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు పోయినప్పుడు, ఇంట్లో మిగిలిన ముసలివాళ్లకు వండిపెట్టి, చెల్లెళ్లకు జడలు వేసి, అందరినీ వెంటబెట్టుకొని బడికి వచ్చే ఆడపిల్లలు ప్రతి విచారణలోనూ ఉన్నారు. వాళ్లు జ్ఞానోపదేశానికి ఆలస్యంగా వస్తారు. ఆలస్యంగా వచ్చారని మనం బయట నిలబెడతాము. నేను నిలబెట్టాను. ఎందుకు ఆలస్యమైందని ఒక్కసారి అడిగి ఉంటే, ఆ వయసులో ఒక సంసారాన్ని నడుపుతున్న మనిషి ఎదురుగా ఉన్నదని తెలిసేది. అందుకే ఇప్పుడు మా విచారణలో నాయకులను నేనొక్కణ్ణే నియమించడం మానుకున్నాను. పిల్లలనే అడుగుతాను, నీకు కష్టమొస్తే మీ తరగతిలో ఎవరి దగ్గరికి పోతావని. వాళ్లు చెప్పే పేర్లు మా పెద్దల సంఘానికి చాలాసార్లు ఆశ్చర్యం కలిగించాయి. ఆ పేర్లు గల పిల్లల ఇళ్లకు మే నెలలో, ఫలితాలు వచ్చిన వెంటనే, ఒకసారి పోయి వస్తాను. ఆ పని మఠకన్యలు నాకంటే బాగా చేస్తారు, ఇళ్లలో వాళ్లకు చెప్పే మాటలు నాకు చెప్పరు.

సంజీవయ్య గారు 1971లో రెండోసారి కాంగ్రెసు అధ్యక్షుడై, ఆ పదవిలో ఉండగానే 1972 మే నెలలో కన్నుమూశారు. యాభై ఒక్క ఏళ్లు. అంత పదవులు చేసినవాడు ఆస్తులు కూడబెట్టుకోలేదన్నది ఆయన మీద పడనివారు కూడా ఒప్పుకొనే మాట. హైదరాబాదులో హుస్సేన్ సాగర్ గట్టున ఆయన పేరుతో పార్కు ఉంది. విశాఖపట్నంలో న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. నాకు మాత్రం గోనెగండ్ల దగ్గర హంద్రీ మీద కట్టిన సంజీవయ్య సాగరమే ఆయనకు తగిన గుర్తు అనిపిస్తుంది. గాజులదిన్నె అంటేనే మనవాళ్లకు తెలుస్తుంది, ఆ పేరు ఎవరూ వాడరు. వాన పడ్డ ఏడు అది నిండుతుంది. పడని ఏడు ఎండి అడుగు కనబడుతుంది.

మొన్నటి పాస్క పండుగకు, గీతలు గీసిన ఆ పిల్లవాడు నన్ను వెతుక్కుంటూ ఇప్పటి నా విచారణకు వచ్చాడు. నలభైకి దగ్గరగా ఉన్నాడు, చేతుల నిండా రాతి పొడి మచ్చలు. వెంట కూతురు. తొమ్మిదో తరగతి. హాస్టలు దరఖాస్తు మీద నా సంతకం కావాలన్నాడు. సంతకం పెట్టి, ఆ రోజు ట్యాంకరు సంగతి నాకు గుర్తుందని చెప్పాను. అతనికి గుర్తు లేదు. కూతురు మాత్రం నవ్వి, ఇప్పటికీ తమ వీధి కుళాయి దగ్గర నాన్నే వరుసలు పెడతాడని చెప్పింది. దరఖాస్తుతో పాటు ఉత్తరం కూడా రాసి ఇచ్చాను, ఈసారి సొరుగులో పెట్టలేదు.